ఎడమ కంట రెండు చుక్కలు

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికి ఆదివారం రాత్రి ఏడున్నర. ఫస్ట్ షో లోపల నడుస్తోంది కాబట్టి సుదర్శన్, దేవి థియేటర్ల ముందు జనం పలచగా ఉన్నారు. సెకండ్ షో వాళ్ళు రావడానికి ఇంకా టైముంది. బావర్చి వైపు నుంచి వేయించిన ఉల్లిపాయల వాసన రోడ్డు దాటి వస్తోంది. ఆటోవాళ్ళు ‘నల్లకుంట, నల్లకుంట’ అని పిలుస్తున్నారు. మీరు ఎవరికీ జవాబివ్వకుండా మెట్రో పిల్లర్ల కింద చిక్కడపల్లి వైపు నడక సాగిస్తారు.

2018 మే 9న ‘మహానటి’ విడుదలైనప్పుడు ఈ పిల్లర్ల మీద రైలు లేదు. ఆ లైను మొదలైంది 2020 ఫిబ్రవరిలో. ఆ వేసవిలో ఈ రోడ్డంతా తవ్వకాలు, దుమ్ము. అయినా ఆ సినిమా కోసం, థియేటర్ గడప తొక్కడం ఎప్పుడో మానేసిన పెద్దవాళ్ళు కూడా మనవల చెయ్యి పట్టుకుని బయల్దేరారు. దాదాపు మూడు గంటల సినిమా. చివరి అరగంటలో హాల్లో ముక్కులు చీదుకునే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఇవాళ మీరు అదే సినిమా చూడబోతున్నారు గానీ, హాల్లో కాదు, ఒక ఇంట్లో. ఆపడానికి, వెనక్కి తిప్పడానికి, మధ్యలో లేచి వెళ్ళడానికి వీలున్న చోట. ఆ తేడా చిన్నదేం కాదు.

దారిలో త్యాగరాయ గానసభ. 1966 నుంచీ ఉన్న సభ ఇది. లోపల పాత పాటల కార్యక్రమం జరుగుతున్నట్టుంది. ట్రాక్ మీద ఎవరో సుశీల పాట ఎత్తుకున్నారు, పై స్థాయిలో కాస్త తడబడ్డారు, జనం చప్పట్లతో ఆదుకున్నారు. గేటు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు, భుజాల మీద సన్మానం శాలువాలు ఇంకా తీయలేదు. చేతిలో జ్ఞాపికలున్న సంచులు. వాళ్ళ మాటల్లో ఘంటసాల పేరు వినిపిస్తుంది. ఈ పేటలో ఆ పేరు ఏదో ఒక సాయంత్రం వినిపించకుండా ఉండదు.

అక్కణ్ణుంచి అశోక్‌నగర్‌లోకి మళ్ళగానే లోకం మారిపోతుంది. గోడ కనబడకుండా ఫ్లెక్సీలు: గ్రూప్-1, గ్రూప్-2, ఎస్సై, కానిస్టేబుల్. ర్యాంకర్ల పాస్‌పోర్టు ఫొటోలు వరసలు వరసలు. బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, స్టడీ హాల్, మెస్. జిరాక్స్ షాపులో యంత్రం ఆగకుండా కరెంట్ అఫైర్స్ కక్కుతోంది. సెంట్రల్ లైబ్రరీ నుంచి బయటికొచ్చిన కుర్రాళ్ళు వీపున బ్యాగులతో చాయ్ బండి చుట్టూ నిలబడి, నిన్నటి పేపర్లో ‘కీ’ తప్పా, ప్రశ్నే తప్పా అని వాదించుకుంటున్నారు.

ఆ సందు చివర రెండంతస్తుల పాత ఇల్లు. పైన గదుల్లో ముగ్గురు కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు, అందరూ గ్రూప్-2కి చదువుతున్నవాళ్ళే. వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చినవాడు మీకు తెలిసినవాడు, ఇంకొకడిది సూర్యాపేట. కింద ఇంటావిడ. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, బెజవాడలో పెరిగి పెళ్ళయ్యాక చిక్కడపల్లి వచ్చేశారు. కుర్రాళ్ళు ఆవిణ్ణి ‘అమ్మమ్మా’ అంటారు. పైన వాళ్ళకు లాప్‌టాప్ ఉంది, కింద ఆవిడకు పెద్ద టీవీ ఉంది. రెండింటినీ కలిపే తీగ ఒకటి దొరికింది. ఈ రాత్రి షో అలా కుదిరింది.

‘‘అన్నా, ఫ్యాన్ కాడికి జరుగు,’’ అని మీకు చోటిస్తాడు కరీంనగర్ కుర్రాడు. అమ్మమ్మగారు మడత కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ‘‘లైటార్పకండిరా, నాకు కళ్ళు గుంజుతాయి,’’ అన్నారు. కాబట్టి లైటు వెలుగుతూనే ఉంటుంది.

మొదలైంది. 1980, బెంగళూరు. స్పృహలో లేని ఒకావిడ, పక్కన ఏం చెయ్యాలో తెలియని కొడుకు. నటి సావిత్రి కథను దర్శకుడు నాగ్ అశ్విన్ చివరి నుంచి ఎత్తుకున్నాడు. బెంగళూరులో కోమాలోకి జారిన మనిషి పందొమ్మిది నెలలు అలాగే ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఆ సంగతి తెలిసే మనం మొదలుపెడతాం. కథ తెలుసుకోవడానికి మధురవాణి అనే విలేకరి బయల్దేరుతుంది, సమంత. ‘కన్యాశుల్కం’లో సావిత్రి వేసిన పాత్ర పేరే ఆ పిల్లకు పెట్టారు.

‘‘ఇట్లా ఇంట్లో సినిమా చూడ్డం మాకేం కొత్త కాదు,’’ అంటారు అమ్మమ్మగారు, చిర్రావూరు పిల్ల సావిత్రి తెరమీద గెంతుతుండగా. ‘‘ఎనభైల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్ళు. దాంతోపాటు కలర్ టీవీ కూడా వాడే రిక్షాలో వేసుకొచ్చేవాడు. పొద్దున్నే తిరిగిచ్చెయ్యాలి కదా, అందుకని రాత్రికి మూడు క్యాసెట్లు. వాకిట్లో చాపలేసుకుని అందరం. రెండో సినిమాకే పిల్లలు పడిపోయేవాళ్ళు. నేను మూడోది కూడా చూసేదాన్ని.’’

ఆ తరవాత డిస్కులొచ్చాయి. వోల్గా, షాలిమార్, శ్రీ బాలాజీ పేర్లున్న వీసీడీలు, ఒక సినిమాకు రెండో మూడో ముక్కలు. సరిగ్గా పాట మధ్యలో ముక్క అయిపోయేది. అసలు ధరలు ఎక్కువ, దొంగ డిస్కులు చవక. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’ లాంటివి సొంతంగా కొని, టీవీ కింద అరలో పెట్టుకోవచ్చన్న ధైర్యం మధ్యతరగతి ఇళ్ళకు అప్పుడొచ్చింది. ఆ కంపెనీ ఆస్తులు అమ్మేయమని ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చింది 2018 సెప్టెంబరులో, అంటే ‘మహానటి’ వచ్చిన ఏడాదే. ‘మహానటి’ మన ఇళ్ళలోకి వచ్చిన దారి ఓటీటీ, టీవీ. అట్ట మీద సావిత్రిగా కీర్తి సురేష్ బొమ్మ చూసి డిస్కు కొనుక్కున్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. డిస్కులో అదనంగా వచ్చే సరుకు మాత్రం వేరే దారిన వచ్చింది. సినిమా హాళ్ళలో ఆడుతుండగానే, నిడివి కోసం కోసేసిన సన్నివేశాలను నిర్మాతలు యూట్యూబ్‌లో పెట్టారు.

‘‘జర ఆపు, ఆపు. ఎనకకు తియ్యి.’’

తెర ఆగింది. ఏడుపు సీను తీస్తున్నారు. గ్లిజరిన్ అక్కర్లేదంటుంది సావిత్రి. దర్శకుడు అడిగిందేమో లెక్క ప్రకారం: ఎడమ కంట్లోంచి రెండే చుక్కలు. కెమెరా తిరుగుతుంది. కీర్తి సురేష్ ముఖం తెరనిండా. ఒక చుక్క. కాస్త ఆగి ఇంకో చుక్క. కట్ చెప్పగానే ఆ ముఖంలో దుఃఖం పోయి, సరిపోయిందా అన్నట్టు ఒక చిలిపితనం.

సూర్యాపేట కుర్రాడు పది సెకన్లు వెనక్కి వేస్తాడు. మళ్ళీ చుక్క. ఇంకోసారి. ‘‘కట్టింగ్ లేదన్నా. ఒకటే షాట్ల అయింది.’’ మీరు కూడా ముందుకు వంగుతారు. హాల్లో ఈ సీనుకు ఈల పడింది, చప్పట్లు పడ్డాయి, అంతలో తరవాతి సీను వచ్చేసింది. ఇక్కడ ఈలలు లేవు. ఆ అమ్మాయి రెప్ప వెయ్యకుండా ఎంతసేపు ఉంటుందో, మొదటి చుక్క జారాక రెండోదాన్ని ఎలా నిలిపి ఉంచుతుందో చూడొచ్చు. 66వ జాతీయ అవార్డుల్లో ఆమెకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. మొత్తం సినిమాకని ఇచ్చారు గానీ, ఈ షాటొక్కటి చాలు.

‘‘బానే చేసింది పిల్ల,’’ అన్నారు అమ్మమ్మగారు. ‘‘మరి అసలావిణ్ణి చూడరూ?’’

అలా ‘మహానటి’ మధ్యలో ‘మాయాబజార్’ పడింది. సావిత్రి బతుకు సినిమాలో మాయాబజార్ షూటింగ్ వచ్చేచోట దాన్ని ఆపి, ఇంకో ట్యాబ్ తెరిచి, 1957 నాటి అసలు సినిమా పెట్టారు. 2010లో హైదరాబాద్‌లోనే గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులద్దిన కాపీ ముందు వచ్చింది. ‘‘రంగులు వద్దు, తెలుపు నలుపుది పెట్టు,’’ అన్నారావిడ. మార్కస్ బార్ట్లే వెలుగునీడలు తెలుపు నలుపులోనే నిలుస్తాయని నేనూ అంటాను.

‘అహ నా పెళ్ళియంట’ పాట. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పాట సుశీల గొంతులో ఆడపిల్లలా సాగుతూ సాగుతూ, రాక్షసుడు తనను తాను మరిచిపోయిన చోట ఘంటసాల గొంతు పడుతుంది. గొంతులు రెండు, దేహం మాత్రం ఒక్కటే. ఈ రెండింటికీ లెక్క చెప్పాల్సింది ఆ ఒక్క దేహమే.

‘‘సగం స్పీడుల పెట్టు,’’ అంటాడు మూడో కుర్రాడు. పాట గొంతు సాగిపోయి వింతగా మారింది కాబట్టి శబ్దం తీసేశారు. ఇప్పుడు మాటా లేదు, సంగీతమూ లేదు. మనిషే ఉంది. ఒయ్యారంగా తిరుగుతున్న నడుము ఒక్క అడుగులో బిగుసుకుంటుంది. భుజాలు విచ్చుకుంటాయి. నడకలో ఘటోత్కచుడి వేషం కట్టిన ఎస్వీ రంగారావు వచ్చి చేరతాడు. ఆయన బరువు, ఆయన దర్పం. సన్నటి పిల్ల ఆ నేలను రంగారావులా తొక్కుతుంది. తరవాత గుర్తొస్తుంది, తను శశిరేఖనని. ఒక్క క్షణంలో మళ్ళీ చేతులు మెత్తబడతాయి, చూపు వాలుతుంది. సగం వేగంలో కూడా ఆ మారే చోటు దొరకదు. గొంతు మారే క్షణానికి మనిషి అప్పటికే మారిపోయి ఉంటుంది.

‘‘ఏం జేసిందన్నా ఈమె!’’ కరీంనగర్ కుర్రాడి గొంతులో ఉన్నది ఆశ్చర్యం కంటే గౌరవం. వాడికి ఇరవై అయిదేళ్ళు. ‘మాయాబజార్’ పేరు విన్నాడు, కూర్చుని చూసింది లేదు. ‘మహానటి’ని ఇల్లు చేర్చడం వల్ల కలిగిన మేలు ఇదేనని నా నమ్మకం. పక్క ట్యాబ్‌లో అసలు మనిషి ఉంది. నటిస్తున్న అమ్మాయిని ఆపి, నటించిన అమ్మ దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

భోజనాలకు ఆపారు. మెస్ నుంచి తెచ్చిన టమాటా పప్పు, అమ్మమ్మగారి వంటింట్లోంచి గోంగూర పచ్చడి.

ఈ విరామంలో, నిజంగా బతికిన మనుషుల పతనాన్ని చూపించిన ఇంకో సినిమా సంగతి చెప్పాలి. 1986లో అలెక్స్ కాక్స్ అనే ఇంగ్లిష్ దర్శకుడు ‘సిడ్ అండ్ నాన్సీ’ తీశాడు. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందంలో బేస్ గిటార్ పట్టిన సిడ్ విషస్, అతని ప్రియురాలు నాన్సీ స్పంజెన్ కథ. 1978 అక్టోబరులో న్యూయార్క్ చెల్సీ హోటల్లో నాన్సీ కత్తిపోటుతో చనిపోయి కనిపించింది. ఆ కేసు నడుస్తుండగానే, 1979 ఫిబ్రవరిలో, సిడ్ హెరాయిన్‌తో పోయాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. గ్యారీ ఓల్డ్‌మన్ ఆ పాత్రలో కరిగిపోయాడు. బృందంలో పాడిన జాన్ లైడన్‌కు మాత్రం ఆ సినిమా అంటే ఒళ్ళు మంట. తమ బతుకును తప్పుగా చూపించారని, మత్తుకు మెరుగు పెట్టారని ఎన్నోసార్లు అన్నాడు. 1998లో క్రైటీరియన్ సంస్థ దాన్ని డీవీడీగా తెచ్చింది. కొన్నాళ్ళకు ఆ డిస్కు మార్కెట్లో లేకుండా పోయి, దొరికినవాళ్ళు అపురూపంగా దాచుకునే వస్తువైంది. మళ్ళీ 2017లో కొత్త ముద్రణ వచ్చింది. నటీనటుల వ్యాఖ్యానంతో, ఆ కాలపు వీడియో ముక్కలతో.

ఆ జంట, మన జంట సావిత్రి, ఆమె భర్త జెమినీ గణేశన్ ఒకటని నేననడం లేదు. సిడ్ ఆ బృందంలో ఉన్నది ఒక్క ఏడాది పాటు. వాళ్ళ ఏకైక స్టూడియో ఆల్బమ్‌లో బేస్ చాలావరకు వాయించింది స్టీవ్ జోన్స్. సిడ్ విషయంలో చూపించడానికి పతనం తప్ప చేసిన పని పెద్దగా లేదు. సావిత్రికి మూడు దశాబ్దాల పని ఉంది. ‘దేవదాసు’ పార్వతి, ‘మిస్సమ్మ’ మేరీ, ‘మూగమనసులు’ రాధ. 1968లో ‘చిన్నారి పాపలు’ తనే డైరెక్ట్ చేసింది. ఆ సినిమాకు సంగీతం పి.లీల, ముఖ్యమైన పనులన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడిచాయి. తెలుగు సినిమాలో అలాంటి సాహసం ఆ కాలంలో ఊహకు అందదు. ఇంత పని చేసిన మనిషిని మందు సీసాతో గుర్తుపెట్టుకోవడం అన్యాయం. ఫోన్లలో తిరిగే ‘మహానటి’ ముక్కలు చూడండి. ఎక్కువగా కనబడేది ఏడుపు, తాగుడు, ఖాళీ ఇల్లు. కింద విషాద సంగీతం.

భోజనాలయ్యాక మళ్ళీ మొదలైంది. ఇప్పుడు రెండో సగం. జెమినీ గణేశన్‌గా దుల్కర్ సల్మాన్ ముఖంలో నవ్వు పలచబడుతోంది. అమ్మమ్మగారు లేచారు.

‘‘ఇక్కణ్ణుంచి నేను చూడనురా. పేపర్లో ఫొటో వేశారు అప్పుడు, ఆస్పత్రి మంచం మీద. ఆ ముఖం నాకు ఇంకా పోలేదు. మళ్ళీ ఎందుకు?’’ గదిలోకి వెళ్ళారు గానీ తలుపు వేసుకోలేదు.

కుర్రాళ్ళు చూస్తున్నారు. సొంత సినిమాల నష్టం, ఆదాయప్పన్ను దాడి, ఇల్లు చేజారడం. తాగుడు సీన్లు వస్తున్నాయి. సూర్యాపేట కుర్రాడు, ‘‘అంతా గాయనే జేసిండు,’’ అన్నాడు జెమినీ గురించి. ఆ మాట 2018లో బయట కూడా గట్టిగా నడిచింది. జెమినీ గణేశన్ మొదటి భార్య కూతురు డాక్టర్ కమలా సెల్వరాజ్, తన తండ్రిని చెడ్డగా చూపారని బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. సావిత్రి కూతురు విజయ చాముండేశ్వరి సినిమాకు అండగా నిలిచారు. ఒకే తండ్రి, ఇద్దరు కూతుళ్ళు, రెండు జ్ఞాపకాలు. మూడు గంటల సినిమా ఒక తీర్పు ఇవ్వక తప్పదు, ఇచ్చింది. చూసేవాళ్ళు ఆ తీర్పును అలాగే మోసుకెళ్ళాల్సిన పని లేదు.

కరీంనగర్ కుర్రాడు లాప్‌టాప్‌లో సినిమా ఆపేశాడు. ఏమీ చెప్పకుండా లేచి వాకిట్లోకి వెళ్ళాడు.

తిరిగొచ్చాక తనే చెప్పాడు. ‘‘మా బాపు గిట్లనే ఉంటడు. హాల్ల సూసినప్పుడు తలకాయ కిందికేసుకొని కూసున్న, పక్కోడు ఏడుస్తుండె. గప్పుడు లేసి పోరాలె. ఇప్పుడు సూస్త. పెట్టు.’’

ఎవరూ మాట్లాడలేదు. అతను చివరిదాకా కళ్ళు తిప్పకుండా చూశాడు. ఆమెను సీసాతో గుర్తుపెట్టుకోవడం అన్యాయమని ఇందాక నేనన్నమాట ఇతని ముందు సగమే నిలుస్తుంది. మందు ఒక మనిషిని ఎలా తింటుందో ఇంట్లో చూసినవాడికి, అది తెరమీద నిజంగా ఉండటం అవసరం. తనకు ఓపిక ఉన్నప్పుడు, కావలసిన చోట ఆపుకుంటూ చూసే వీలు ఉండటం ఇంకా అవసరం. హాలు అతనికి ఆ వీలు ఇవ్వలేదు.

పదకొండున్నరకు పేర్లు పడుతున్నాయి. మిక్కీ జె.మేయర్ సంగీతం ఇంకా వినిపిస్తుండగా లోపలి గదిలోంచి అమ్మమ్మగారి గొంతు: ‘‘అయిపోయిందా? అయితే ఇప్పుడు మూగమనసులు పెట్టండి, పాటలు చూసి పడుకుంటాను.’’ పెట్టారు. గోదావరి, పడవ, పడవ నడిపే గోపితో సావిత్రి. ఆవిడ బయటికొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ‘‘1964. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. బెజవాడలో మా అక్కయ్యతో కలిసి వెళ్ళాను.’’ ఎన్నిసార్లు చూశారని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

మీరు బయల్దేరుతారు. కరీంనగర్ కుర్రాడు నారాయణగూడ దాకా తోడొస్తానంటాడు, వాడికి నిద్ర రాదట. మెయిన్ రోడ్డెక్కి దక్షిణంగా నడుస్తారు. మెట్రో స్టేషన్ షట్టర్ దించేశారు. నారాయణగూడలో ఒక బండి దగ్గర ఇంకా చాయ్ దొరుకుతోంది. సెకండ్ షో నుంచి వచ్చినవాళ్ళు నలుగురు అక్కడ నిలబడి కొత్త సినిమాలో ఫైట్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

మీ కుర్రాడు జేబులోంచి మడత పెట్టిన మాక్ టెస్ట్ పేపర్ తీస్తాడు. వెనక వైపు పెన్నుతో రాసుకుంటున్నాడు: మిస్సమ్మ, కన్యాశుల్కం, దేవదాసు, చిన్నారి పాపలు.

‘‘అన్నా, చిన్నారి పాపలు నెట్ల మంచి ప్రింట్ దొరుకుతదా?’’

వెతుకుదామంటారు మీరు. వాడు ఆ పేరు కింద రెండు గీతలు గీస్తాడు.

‘‘ఆమె డైరెక్ట్ జేసిందే ఫస్ట్ సూద్దాం. వచ్చే ఆదివారం టెస్టున్నది, శనారం పెట్టుకుందాం. అమ్మమ్మకు నువ్వే చెప్పాలె, నేనంటే చదువుకోపోరా అంటది.’’